గ్లాసులో ఎంత పోశారో మెనూ మీద రాయించండి

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అధ్యక్షులకు,
ఎఫ్‌డీఏ భవన్, కోట్లా రోడ్, న్యూఢిల్లీ.



మీ సంస్థను ఈ దేశంలో అందరూ ఎఫ్ఎస్ఎస్ఏఐ అనే పిలుస్తారు. చిప్స్ ప్యాకెట్ తిప్పి చూసినా, నూనె డబ్బా తిప్పి చూసినా మీ గుర్తు, దాని కింద లైసెన్స్ నంబరు కనిపిస్తాయి. లోపల ఏముందో, ఎంత ఉందో కొనేవాడికి ముందే తెలియాలన్న పట్టుదలతో మీ సంస్థ చాలా దూరం వచ్చింది. ఆ పట్టుదల ఇంకా చేరని చోటు ఒకటుంది. వారాంతపు రాత్రి కిక్కిరిసిన చెయిన్ బార్‌లో టేబుల్ మీదికి వచ్చే కాక్‌టెయిల్ గ్లాసు అది. ఈ ఉత్తరం దాని గురించే.

శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి హైదరాబాద్ జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36లో ఫుట్‌పాత్ మీద కాలు పెట్టే సందు ఉండదు. నెత్తిన మెట్రో వంతెన, కింద కార్ల వరస, తాళాల గుత్తులతో పరుగులు తీసే వ్యాలే కుర్రాళ్లు. ఆ వీధిలో ఒక బార్. పేరు ఇక్కడ అవసరం లేదు. అదే బోర్డు, అవే కుర్చీలు, అదే మెనూ దేశంలోని చాలా నగరాల్లో ఉన్నాయి. లిఫ్టు తలుపు తెరుచుకోగానే పాట గుండెల మీద కొట్టినట్టు వినిపిస్తుంది. ఆ రాత్రి అక్కడికి నలుగురు మిత్రులు వచ్చారు. ఒకే ఆఫీసు. ఒకరికి ప్రమోషన్ వచ్చింది, అదీ సందర్భం. వాళ్లలో కారు ఉన్నది తార్నాక నుంచి వచ్చిన కుర్రాడికి. కూర్చోకముందే చెప్పేశాడు: "బండి నేనే తీయాలె. నాకు ఒక్కటే."

ఆ "ఒక్కటే" అన్న మాటను గుర్తుంచుకోవాలని మనవి.

వెలుతురు తక్కువ కాబట్టి మెనూని ఫోన్ టార్చి పెట్టి చదివారు. ఫ్రైస్ పక్కన క్యాలరీలు ఉన్నాయి. వెజ్ టిక్కా పక్కన ఉన్నాయి. అడుగున, ఓ మాదిరిగా తిరిగి పనిచేసుకునే పెద్దవాళ్లకి రోజుకి 2,000 కిలో క్యాలరీలు కావాలన్న వాక్యమూ ఉంది. అదంతా మీ చలవే. పేజీ తిప్పితే కాక్‌టెయిల్స్. అక్కడ పేర్లున్నాయి, ఆకుల బొమ్మలున్నాయి, తియ్యన, పుల్లన, చల్లన అని వర్ణనలున్నాయి, ధరలున్నాయి. గ్లాసులో మద్యం ఎంత పోస్తారన్నది ఎక్కడా లేదు. కుర్రాడు వెయిటర్‌ని పిలిచి అడిగాడు: "బ్రో, ఇందులో ఎంత ఉంటది?" పాట హోరులో వెయిటర్‌కి "ఎంత" ఒక్కటే వినబడింది. వంగి, మెనూలో ధర మీద వేలు పెట్టి చూపించాడు. మళ్లీ అరిచి అడిగే ఓపిక ఎవరికుంటుంది? తల ఊపాడు. లాంగ్ ఐలాండ్ ఐస్‌డ్ టీ, కుర్రకారు పొట్టిగా ఎల్ఐఐటీ అనేది, వచ్చింది.

ఆ గ్లాసు తయారయ్యే తీరు దగ్గర నుంచి చూడాలి. పొడుగాటి గ్లాసు నిండా ఐసు వేస్తారు. రద్దీ లేని మంగళవారమైతే బార్ టెండర్ చిన్న లోహపు కొలతగిన్నెతో, దాన్ని జిగ్గర్ అంటారు, ఒక్కో సీసా వంచి కొలుస్తాడు. శనివారం రాత్రి వెనక ఇరవై ఆర్డర్లు ఉంటాయి. నాలుగు సీసాల మెడలు వేళ్ల సందుల్లో ఒకేసారి బిగించి, మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ గ్లాసులోకి వంచుతాడు. వోడ్కా, జిన్, తెల్ల రమ్, టెకీలా. అయిదోది నారింజ లికర్. నిమ్మరసం, చక్కెర పాకం, పైన కోలా. నిమిషం పట్టదు. కోలా తగలగానే రంగు అచ్చం మన డికాషన్ రంగుకి తిరుగుతుంది. అంచున నిమ్మ చెక్క, లోపల స్ట్రా. అందులో టీ ఆకు పొడి చిటికెడు కూడా లేదు.

కుర్రాడు ఆ ఒక్కటీ మెల్లగా తాగాడు. తరవాత మంచినీళ్లే. పన్నెండు కావస్తుండగా బయటికొచ్చారు. టెర్మినల్‌లో చివరి మెట్రో పదకొండుకే బయల్దేరిపోతుంది. పెద్దమ్మ గుడి స్టేషన్ షట్టర్ అప్పటికే దించి ఉంది. క్యాబ్ యాప్‌లో రేటు మామూలు కంటే రెట్టింపు దాటింది. కారు ఎలాగూ ఉందిగా అనుకున్నారు. నాలుగు మలుపులు తిరిగేసరికి బ్యారికేడ్లు, టార్చి లైట్లు, చొక్కా మీద మెరిసే పట్టీలు.

"ఊదు తమ్మీ. ఇంకా గట్టిగ."

మిషన్ మీద అంకె 30 దాటింది.

"అన్నా, నిజంగ ఒక్కటే తాగినా."

"అందరూ అదే చెప్తరు."

కారు అక్కడే ఆగిపోయింది. మిగతా ముగ్గురూ రోడ్డు పక్కన నిలబడి ఆటో కోసం చూశారు. తరవాత కుర్రాడు కౌన్సెలింగ్‌కి తండ్రిని వెంటబెట్టుకుని బేగంపేట ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లాడు. కోర్టు మెట్లూ ఎక్కాడు. ఆ హాల్లో తండ్రి పక్కన తలొంచుకుని కూర్చున్న గంటసేపు తనకి జరిమానా కంటే బరువుగా తోచిందని మిత్రులతో చెప్పుకున్నాడు.

తప్పు అతనిదే. మద్యం తాగాక స్టీరింగ్ పట్టుకోకూడదు, ఒక్కటైనా సరే. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 2019 సవరణకి ముందు ఆ జరిమానా 2,000. పెంచడం మంచి పని. పోలీసులు ఆ రాత్రి ఆపకపోతే అతనికీ, ఎదురొచ్చేవాడికీ ఏం జరిగి ఉండేదో చెప్పలేం. కానీ అతను చెప్పింది అబద్ధం కాదు. ఒక్కటే తాగాడు. ఆ ఒక్కటి ఎంతో అతనికి తెలియదు, తెలుసుకునే దారి ఆ బార్‌లో లేదు. ఇదే మీ ముందు పెట్టవలసిన సంగతి.

లెక్క చూడండి. ప్రపంచ బార్ టెండర్ల సంఘం ఐబీఏ ఖరారు చేసిన లాంగ్ ఐలాండ్ కొలతలో అయిదు మద్యాలు, ఒక్కోటి 15 మి.లీ. మొత్తం 75. వీటి ఘాటు సగటున 40 శాతం దగ్గర అనుకుంటే అసలు ఆల్కహాల్ 30 మి.లీ., తూకంలో 24 గ్రాములు. అయిదు శాతం ఘాటున్న 330 మి.లీ. పింట్ బీరులో ఉండేది 13 గ్రాములు. అంటే ఒక్క గ్లాసులో రెండు పింట్లకి కాస్త తక్కువ. అదే ఐబీఏ జాబితాలో మొహీటోకి రమ్ 45 మి.లీ. మాత్రమే, అంటే 14 గ్రాముల పైచిలుకు. రెండూ పొడుగు గ్లాసులే, రెండిట్లోనూ ఐసే ఎక్కువ, రెండూ తియ్యగానే ఉంటాయి, మెనూలో పక్కపక్కనే ఉంటాయి. తేడా పది గ్రాములు. నాలుక ఆ తేడా పట్టలేదు. చక్కెర, నిమ్మరసం, కోలా ఘాటుని కప్పేస్తాయి.

ఇక ఒంట్లో. 70 కిలోల మగవాడు 24 గ్రాముల ఆల్కహాల్ తాగితే రక్తంలో 50 మిల్లీగ్రాముల దాకా చేరుతుంది. 55 కిలోల ఆడమనిషికి అదే గ్లాసు 80 దగ్గరికి తీసుకెళ్తుంది, ఎందుకంటే ఆమె ఒంట్లో ఆల్కహాల్ కరిగేందుకు నీటి పాలు తక్కువ. ఇది అంచనా లెక్కే. కడుపులో తిండి ఉంటే కొంత తగ్గుతుంది, మనిషిని బట్టి మారుతుంది. ఒంట్లోంచి దిగడం మాత్రం గంటకి దాదాపు 15 మిల్లీగ్రాములే. మంచినీళ్లు తాగినా, కాఫీ తాగినా, ముఖం కడుక్కున్నా ఆ వేగం పెరగదు. పైగా తాగిన అరగంట నుంచి గంటన్నర లోపు ఎప్పుడైనా అది శిఖరానికి చేరవచ్చు. బార్‌లో ఆఖరి గుటక మింగి లేచినవాడికి కొన్నిసార్లు కారు ఎక్కాకే అసలు మత్తు ఎక్కుతుంది.

ఇక్కడ మన ఊళ్లలో అందరికీ తెలిసిన ఒక విషయం చెప్పుకోవాలి. వైన్ షాపు పక్కన పర్మిట్ రూమ్‌లో నిలబడి తాగే మేస్త్రీని అడగండి, ఎంత తాగావని. "నైంటీ" అంటాడు. లేకపోతే "క్వార్టర్" అంటాడు. 90 మి.లీ., 180 మి.లీ. సీసా మీద రాసి ఉంటుంది. ఘాటు 42.8 శాతం అని కూడా రాసి ఉంటుంది. అతనికి తన తాగుడు అంకెల్లో తెలుసు. మామూలు బార్‌లో పెగ్గు అడిగినా 30 అనో 60 అనో నోటితో చెప్పుకుంటారు, ఎదురుగా కొలుస్తారు. మెరిసే దీపాల కింద, మేస్త్రీ వారం కూలి ఒక్క రాత్రి ఖర్చు పెట్టే ఇంజనీర్ కుర్రాడికి మాత్రం ఆ అంకె దొరకదు. లెక్కల మీదే బతికేవాడు. ఇస్తే లెక్క కట్టుకోగలడు.

సీసా మీద ఆ అంకె ఉండేలా చూసేది మీరే. 2018 మద్య పానీయాల నిబంధనలు ఘాటు శాతం ముద్రించమన్నాయి. 2019 ఏప్రిల్ నుంచి ఆరోగ్యానికి హానికరమనీ, తాగి వాహనం నడపొద్దనీ హెచ్చరిక వేయించాయి. అయిదు సీసాల మీద అయిదు అంకెలు, అయిదు హెచ్చరికలు ఉంటాయి. ఆ అయిదూ ఒక గ్లాసులోకి ఒంపేసరికి అంకే లేదు, హెచ్చరికా లేదు. సీసాని చూసేది బార్ టెండర్. గ్లాసుని ఎత్తేది మనిషి.

మరో పక్క మీ 2020 లేబులింగ్, డిస్‌ప్లే నిబంధనలున్నాయి. పది లేదా అంతకంటే ఎక్కువ చోట్ల శాఖలున్న హోటళ్లు, రెస్టారెంట్లు మెనూలో ప్రతి వంటకం పక్కన క్యాలరీలు వేయాలి, అలర్జీ కలిగించే పదార్థాలు చెప్పాలి. ఫ్రైస్ ప్లేటు ఎవరినీ ఆ రాత్రే ప్రమాదంలో పడేయదు. అయినా దాని పక్కన అంకె ఉంది. మద్యం రాష్ట్రాల విషయం కదా అని ఎవరైనా అనొచ్చు. అమ్మే వేళలు, లైసెన్సులు, పన్నులు, తాగే వయసు రాష్ట్రాలవే. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ వయసు 21. కానీ 2006 ఆహార భద్రత చట్టంలో "ఆహారం" అన్న మాటకి ఇచ్చిన నిర్వచనంలోనే మద్య పానీయం చేర్చి ఉంది. ఆ అధికారంతోనే కదా మీరు సీసాని దారిలో పెట్టింది.

చెయిన్లనే ముందు అడగడానికి కారణం ఉంది. చెయిన్ అంటేనే కొలత. 1965లో న్యూయార్క్‌లో అలన్ స్టిల్‌మన్ అనే యువకుడు టీజీఐ ఫ్రైడేస్ తెరిచాడు. అది ఊరూరా పాకే కొద్దీ బార్ పని ఒక పద్ధతిగా, నేర్పించగల విద్యగా మారింది. ఆ బార్లలో పనిచేసి వచ్చిన ముగ్గురు 1998లో లండన్‌లో బీ ఎట్ వన్ అనే కాక్‌టెయిల్ బార్ పెట్టారు. అదీ చెయిన్ అయింది. ఈ వ్యాపారమంతా నిలబడేది ఒక్క మాట మీద: బంజారాహిల్స్‌లో తాగినా బాంద్రాలో తాగినా రుచి ఒకటే ఉండాలి. అందుకని ప్రతి కాక్‌టెయిల్‌కీ ఒక రెసిపీ కార్డు ఉంటుంది, దేనిలోంచి ఎన్ని మి.లీ. పోయాలో అందులో ఉంటుంది. నెలాఖరుకి సీసాల్లో మిగిలింది లెక్కపెట్టి, అమ్మిన గ్లాసులతో సరిచూస్తారు. తేడా వస్తే మేనేజర్ సంజాయిషీ చెప్పుకోవాలి. అంటే అంకె కొత్తగా కనిపెట్టక్కర్లేదు. కౌంటర్ వెనక ఉన్నదాన్ని కౌంటర్ ముందుకి తేవాలి, అంతే.

బయటి దేశాలు ఈ పని ఇప్పటికే చేసేశాయా అంటే పూర్తిగా లేదు. బ్రిటన్‌లో జిన్, రమ్, వోడ్కా, విస్కీ 25 లేదా 35 మి.లీ. కొలతల్లోనే పోయాలి, ఆ బార్ ఏ కొలత వాడుతుందో కనబడేలా రాసిపెట్టాలి. అయితే మూడు లేదా అంతకు మించి ద్రవాలు కలిపితే ఆ కొలత నియమం వర్తించదు. కాక్‌టెయిల్ అక్కడా జారిపోయింది. అమెరికాలో 20 లేదా అంతకంటే ఎక్కువ శాఖలున్న చెయిన్లు 2018 మే నుంచి మెనూలోని మద్యాలకి కూడా క్యాలరీలు చూపుతున్నాయి. ఆల్కహాల్ ఎంతో అక్కడ అడగలేదు. మనం మొదలుపెడితే ముందున్నవాళ్లలో మనమూ ఉంటాం.

అభ్యంతరాలు వస్తాయి. రెసిపీ వ్యాపార రహస్యం అంటారు. ఏది ఎంతో చెప్పనక్కర్లేదు, మొత్తం చెబితే చాలు. శనివారం రద్దీలో చెయ్యి అటూ ఇటూ అవుతుంది అంటారు. అయితే కొలతగిన్నెతో పోయాలి. ధర రూపాయి తేడా రానివ్వనివాళ్లకి కొలత తేడా రాకుండా చూడటం కష్టం కాదు.

మూడో అభ్యంతరం మాత్రం బరువైనది. అంకె వేస్తే, డబ్బుకి ఎక్కువ ఘాటు దేనిలో ఉందో చూసుకుని అదే అడుగుతారు కదా? కొందరు అడుగుతారు, కాదనలేం. కానీ ఎక్కాలని వచ్చినవాడికి ఈ రహస్యం ఇప్పటికే తెలుసు. హైదరాబాద్‌లో కాలేజీ దాటిన ప్రతి గుంపులోనూ "ఎల్ఐఐటీ చెప్పు, ఒక్కదానికే పనైపోతది" అనే ఒకడు ఉంటాడు. తెలియనిది మిగతావాళ్లకి. మొదటిసారి వచ్చిన అమ్మాయికి. పొద్దున తొమ్మిదికి మీటింగ్ ఉన్నవాడికి. షుగరు మాత్రలో, బీపీ మాత్రలో వేసుకుంటూ, ఒకటి పుచ్చుకుంటే ఏం కాదులే అనుకునే నడివయసు మనిషికి. టీ అన్న పేరు చూసి తేలిక అనుకున్నవాళ్లకి. టీ ఒక్కటే కాదు, కాఫీ కూడా ఉంది. 1980లలో లండన్ బార్ టెండర్ డిక్ బ్రాడ్‌సెల్ తయారుచేసిన ఎస్‌ప్రెస్సో మార్టినీలో ఐబీఏ కొలత ప్రకారం వోడ్కా 50 మి.లీ., కాఫీ లికర్ 30. దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్. కాఫీ నిద్రని ఆపుతుంది, మత్తుని ఆపదు. మెలకువగా ఉన్నాను కాబట్టి బాగానే ఉన్నాను అనిపిస్తుంది.

హ్యాపీ అవర్స్ సంగతీ చూడాలి. ఒకటి కొంటే ఒకటి ఉచితం అంటే చాలాచోట్ల రెండూ ఒకేసారి తెచ్చి ముందు పెడతారు. ఐసు కరిగిపోతుందని రెండోది గబగబా తాగుతారు. లాంగ్ ఐలాండ్ "ఒకటి" ఆర్డర్ చేసినవాడి ఒంట్లోకి 48 గ్రాములు వెళ్తాయి, అది కూడా గంటలోపు. లేడీస్ నైట్‌లో మూడు కాక్‌టెయిల్స్ ఉచితం అంటారు. ఆ మూడింటిలో మొత్తం ఎంతుందో ఇచ్చేవాళ్లకే తెలుసు. ఇక పిచర్. మధ్యలో పెద్ద జాడీ, నాలుగు స్ట్రాలు. ఎవరు ఎంత పీల్చారో దేవుడికే ఎరుక.

అందుకని అడుగుతున్నది చిన్నదే. పది లేదా అంతకంటే ఎక్కువ శాఖలున్న చెయిన్లకి క్యాలరీల నియమం ఎలా పెట్టారో అలాగే, మెనూలో ప్రతి కాక్‌టెయిల్ పక్కన రెండు అంకెలు వేయించండి: గ్లాసులో మద్యం మొత్తం ఎన్ని మి.లీ., అసలు ఆల్కహాల్ ఎన్ని గ్రాములు. ధర ఏ సైజు అక్షరాల్లో ఉందో అదే సైజులో. క్యూఆర్ కోడ్ మెనూలోనూ. పిచర్ అయితే జాడీ మొత్తానికీ, ఒక గ్లాసుకీ విడివిడిగా. హ్యాపీ అవర్స్‌లో రెండు గ్లాసులకీ కలిపి. పేజీ అడుగున, 2,000 క్యాలరీల వాక్యం ఉన్నట్టే, 30 మిల్లీగ్రాముల పరిమితి గురించి ఒక వాక్యం, ఆ రాష్ట్ర భాషలో కూడా. ఒక్క గ్లాసుతోనే ఆ పరిమితి దాటవచ్చని అందులో సూటిగా ఉండాలి. పాట హోరులో అడిగి తెలుసుకోలేని చోట కాగితమే చెప్పాలి. ముసాయిదా ప్రచురించి అభ్యంతరాలు కోరే పద్ధతి మీకు ఉండనే ఉంది. బార్ల యజమానులూ, ట్రాఫిక్ పోలీసులూ, డాక్టర్లూ, బార్ టెండర్లూ తమ మాట చెబుతారు. అక్కడ కౌంటర్ వెనక నిలబడేవాళ్ల మాట తప్పకుండా వినండి. ఎవరికి ఎంత పోశారో, ఎవరు ఎలా లేచి వెళ్లారో రోజూ కళ్లారా చూసేది వాళ్లే.

మూడు వారాల తరవాత ఆ నలుగురూ మళ్లీ అదే బార్‌కి వెళ్లారు, ఈసారి మెట్రోలో. పదిన్నరకల్లా లేవాలని ముందే అనుకున్నారు. మెనూ మారలేదు. తార్నాక కుర్రాడు ఫోన్ టార్చి వేసి కాక్‌టెయిల్స్ పేజీ పై నుంచి కింది దాకా చదివాడు. అతను వెతుకుతున్న వరస ఇలా ఉంటే చాలు: "లాంగ్ ఐలాండ్ ఐస్‌డ్ టీ. మద్యం 75 మి.లీ. ఆల్కహాల్ 24 గ్రాములు." దొరకలేదు. మెనూ మూసి, సోడా తెమ్మన్నాడు.